స్పర్శరేఖా సంగ్రామం

కందిపప్పు కమ్మదనమునకు కాణాచియై, నాపరాతి ధూళిచే ధవళకాంతులీను తాండూరు పురవరమున, సోమవార ప్రభాతవేళ, వికారాబాదుకు పోవు ఎర్రబస్సు ఘీంకరించుచు కదలగా, కిటికీ పక్క సీటను సింహాసనము నధిష్ఠించిన పదవ తరగతి వీరాంగన సాహిత్య హృదయమున ఒకే ప్రశ్న గిరగిర తిరుగుచుండెను. వృత్తమునకు స్పర్శరేఖ యననేమి? శనివారము దీనికి తెల్లమొగము వేసినందున, గణితోపాధ్యాయిని నీలిమ "సోమవారం చెప్పకుంటే పీరియడ్ అయ్యేదాక నిలబడుడే" యని శాసించియుండెను. పుస్తకమా, బడిలోనే చిక్కుకొనెను. తండ్రి ఫోనా, చార్జింగు లేక రాత్రియే కన్నుమూసెను. ఇక దిక్కు పక్క సీటున కూర్చున్న ఆ తండ్రియే.

ఆయన అనిల్‌కుమార్, కందుల వ్యాపారశిఖామణి, ఒకనాడు లెక్కల పరీక్షలను చీల్చి చెండాడిన ధీరుడు. కాని ఆ వంశమున అడిగినదానికి సూటిగా బదులిచ్చినవాడు పుట్టలేదు. ధర యడిగినచో ముందు చుట్టాల క్షేమము, పిదప వానల ముచ్చట, ఆపై చాయ్. అదియే వారి అంగడి ధర్మము.

"బాపు, స్పర్శరేఖంటే ఏంది? జర జల్ది చెప్పు!"

"గదెంత పని బిడ్డా! బండి చక్రం నేలను తాకుతదా... చక్రమంటే యాదికొచ్చింది, యాలాల్ జంగప్ప బండి మొన్న మన దుకాణం ముంగట్నే కూలబడ్డది. మస్తు పరేషాన్ అయిండు పాపం. వాళ్ళ తమ్ముని పెండ్లి గూడ..."

పెండ్లి నుండి వంటలకు, వంటల నుండి కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్ళకు ఆ వాగ్రథము పరుగులు తీసెను. సాహిత్య పగ్గములు పట్టి పలుమార్లు చక్రము కడకు ఈడ్చుకొని వచ్చెను.

"బాపు! స్పర్శరేఖను ఇంగ్లిష్‌ల టాంజెంట్ అంటరు. మాట పక్కకు పోయినా టాంజెంట్ మీద పోయిండనే అంటరట, మేడమ్ చెప్పింది. నీ ముచ్చట గూడ గంతే! చక్రాన్ని ముట్టుడే ఆలస్యం, సీదా పోతనే ఉంటది!"

"గట్లనా! గా మేడమ్‌ది ఏ ఊరు?"

అనంతగిరి మలుపులు వచ్చెను. సాహిత్యకు ఏడుపొచ్చినంత పనాయెను. అంతలో ఆ తెలివిగల బిడ్డకు తండ్రి ఆయువుపట్టు తట్టెను.

"సరే బాపు, రేఖ వృత్తాన్ని నాలుగు చోట్ల తాకుతదని చెప్త. ఖాయం చేస్తున్న!"

అంకె చెవిన బడినంతనే అనిల్‌కుమారుని మీసములు నిక్కబొడుచుకొనెను. ఎదుటివారు చెప్పిన అంకెను తగ్గింపక విడిచిన చరిత్ర ఆయనకు లేదు.

"నాలుగా! ఎవలన్నరు? తగ్గించు!"

"రెండు?"

"రెండు చోట్లయితే లోపలికి జొచ్చి కోసుకుంట పోతది. గది స్పర్శరేఖ ఎట్లయితది? ఒక్కటే!"

"ఇంక తగ్గదా?"

"గా ఒక్కటి గూడ లేకుంటే తాకుడే లేదు గద బిడ్డా! ఒక్కటే బిందువు. ఇష్టముంటే తీస్కో!"

"తీస్కున్న బాపు!" అని సాహిత్య గట్టిగా కౌగిలించుకొనగా, ఏ బేరము కుదిరెనో తెలియకున్నను ఆ వణిక్పుంగవుడు తృప్తిగా నవ్వెను.

పిమ్మట తరగతి గదియను రణాంగణమున నీలిమ కంఠము మ్రోగెను. "సాహిత్యా, స్పర్శరేఖ?"

"వృత్తాన్ని ఒకే ఒక్క బిందువు దగ్గర తాకే సరళరేఖ, మేడమ్."

"కూర్చో."

దుందుభులారా, మ్రోగుడు! వికారాబాదు వీధులారా, దద్దరిల్లుడు! సకల శత్రుసందేహములను మట్టుబెట్టి, తోటివారెల్లరు కన్నార్పక చూచుచుండగా, సాహిత్య తన బల్ల మీద కూర్చుండెను.