అల కంటే ముందే అలర్ట్

ఇకపై ఏ సునామీ అయినా ప్రభుత్వానికి తెలియకుండా ఒడ్డెక్కలేదని విపత్తుల మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. "అల కంటే ముందే అలర్ట్" పథకం ఆ చప్పట్లలోనే పుట్టింది. తీరంలోని ప్రతి కుటుంబానికీ సెల్‌ఫోన్‌లో హెచ్చరిక వెళుతుంది. ఆ మీట నొక్కే భాగ్యం కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌కు దక్కింది. అతని కాపురం కూడా ఒడ్డునే, పడవల రేవు వీధిలో. అందుకని ఆ మీటను సొంత ఇంటి తలుపు గడియలా చూసుకునేవాడు.

మొదట్లో హెచ్చరిక "సునామీ వస్తోంది, గుట్ట ఎక్కండి" అని మాత్రమే ఉండేది. మంత్రిగారి పీఏ చదివి ముఖం చిట్లించాడు.

"ఇందులో మంత్రిగారు ఎక్కడున్నారండీ?"

"గుట్ట మీద ఉంటారేమోనండీ," అన్నాడు ఆపరేటర్.

పీఏకు నవ్వు రాలేదు. హెచ్చరికలో మంత్రిగారి శుభాకాంక్షలు చేరాయి. తర్వాత ఆయన దార్శనికత చేరింది. కరెంటు మంత్రిగారు అలిగితే ఆయన పేరూ చేరింది. సునామీ అనే మాట జనాన్ని హడలగొడుతుందని కమిటీ వేశారు. కమిటీ బాగా ఆలోచించి దాన్ని "తాత్కాలిక జలోత్సాహం" చేసింది. ఇంత చక్కని సందేశం ఎవరు పడితే వాళ్ళు పంపకూడదు కనుక, మంత్రిగారు ఆమోదిస్తే తప్ప మీట పనిచేయకుండా ఏర్పాటు చేశారు.

ఒక మధ్యాహ్నం సముద్రం అడుగున భూమి కంపించింది. కంట్రోల్ రూమ్ తెర ఎర్రబడింది. ఆపరేటర్ పీఏకు ఫోన్ చేశాడు.

"సార్, వస్తోందండీ! వెంటనే ఆమోదం ఇప్పించండి."

"సార్ ప్రారంభోత్సవంలో ఉన్నారు. రిబ్బను కట్ చేశాక చెబుతాను."

"అప్పటికి ఒడ్డెక్కేస్తుందండీ!"

"కాస్త ఆగమనండి."

ఆపరేటర్ మీట నొక్కి చూశాడు. "ఆమోదం పెండింగ్‌లో ఉంది, ధన్యవాదాలు" అని తెర మర్యాదగా జవాబిచ్చింది. అతను సొంత ఫోన్ తీసి భార్యకు చేశాడు.

"ఏమే, పిల్లల్ని తీసుకుని గుట్ట ఎక్కు!"

"పొయ్యి మీద కూరుందండీ."

"కూర తగలబడనీ! సునామీ వస్తోంది! అమ్మను వీపున వేసుకునైనా తీసుకెళ్ళు. దారిలో అందరికీ చెప్పు!"

ఆవిడది పెద్ద గొంతు. ఆ గొంతు కొంచెం తగ్గించుకోమని పెళ్ళయినప్పటి నుంచీ అతను బతిమాలుతూనే ఉన్నాడు. ఆమె వీధి మొదట్లో అరిస్తే, చివర్లో వలలు బాగుచేసుకునేవాళ్ళు లేచి పరుగెత్తారు. వాళ్ళు పక్క వీధికి అరిచారు. అత్తగారిని మోసుకుంటూ ఆమె గుట్ట మీదికి చేరి వెనక్కి తిరిగితే, రేవు రేవంతా అక్కడే ఉంది. కింద అల వచ్చి పడవల్నీ ఇళ్ళనూ ఊడ్చుకుపోయింది. మనిషి మాత్రం ఒక్కరూ దానికి దొరకలేదు.

అంతా గుట్ట మీంచి చూస్తుండగా ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. "గౌరవ మంత్రివర్యుల శుభాకాంక్షలతో..."

ప్రాణనష్టం లేనందుకు మంత్రిగారికి ఘనంగా సన్మానం జరిగింది. ఆమోదం లేకుండా సునామీ సంగతి బయటపెట్టినందుకు ఆపరేటర్ సస్పెండ్ అయ్యాడు. ఆ ఉత్తర్వును పీఏ స్వయంగా గుట్ట మీది డేరాకు తెచ్చి ఇచ్చాడు. ఇచ్చాక కదల్లేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీ ఆవిడ ఫోన్ నంబరు కాస్త ఇస్తారా? మంత్రిగారి బంగళా కూడా ఒడ్డునేనండీ."