బ్యాటరీ లేని అర నిమిషం

ఆ ఉదయం పని పది నిమిషాలది. పరుపులు కుట్టే పెద్ద యంత్రాన్ని నడిపించే కంట్రోలర్‌లో బిళ్ల బ్యాటరీ మార్చాలి, అంతే. మెకానిక్ టీ తాగుతూ ఆ పనిని ఊహలో అప్పటికే రెండుసార్లు పూర్తి చేశాడు.

ఆ కంట్రోలర్ అంటే అతనికి ప్రాణం. ఇనుప బీరువా తలుపు తెరిస్తే అరలో పుస్తకాల్లా నిలబడ్డ బోర్డులు. ఎడమ చివరది ప్రాసెసర్ బోర్డు, ఇంటి పెద్ద. పక్కన మూడు యాక్సిస్ బోర్డులు: ఒకటి గుడ్డను ముందుకు లాగిస్తుంది, రెండోది సూదుల వరసను పక్కకు జరిపిస్తుంది, మూడోది సూదుల్ని దించి లేపుతుంది. ఏది పాడైతే దాన్ని మాత్రం లాగేసి కొత్తది దూర్చుకోవచ్చు. గాలిలో దూది పోగులు తేలుతూ, బోర్డుల మీద పచ్చదీపాలు మిణుకుమంటుంటే, ఎత్తు మీంచి నిద్రపోతున్న ఊరిని చూస్తున్నట్టుండేది అతనికి. ఆ ఊరి కలలు, అంటే కుట్టు డిజైన్లు, ప్రాసెసర్ బోర్డు మెమరీలో ఉంటాయి. కరెంటు పోయినా వాటిని చెరిగిపోనివ్వనిది ఆ బిళ్ల బ్యాటరీ. అందుకే దాన్ని కరెంటు ఉండగానే మార్చాలి.

అదే ఫ్యాక్టరీలో అతని అత్తగారు తనిఖీ అధికారి. ఆవిడ ముద్ర పడందే పరుపు గుమ్మం దాటదు. "ఇంకొక్క పొరపాటు చేశావో, దూది ఏకే గదికి పంపిస్తా" అని ఆవిడ మొన్ననే చెప్పారు. అందుకని మెకానిక్ జాగ్రత్తపడి, మెయిన్ స్విచ్ మీద 'ముట్టుకోవద్దు' అని రాసిన కాగితం అంటించి, చాలదనిపించి కింద పుర్రె బొమ్మ కూడా వేశాడు.

సూపర్‌వైజర్ ముందు పుర్రెను చూశాడు. తర్వాత బీరువాలో తల దూర్చి, కళ్లు అరమూసి, కదలకుండా నిలబడ్డ మెకానిక్‌ను చూశాడు. మెకానిక్ పాత బ్యాటరీ తీసి, కొత్తది పెట్టేలోగా పచ్చదీపాల ఊళ్లో కాస్త షికారు చేస్తున్నాడు. సూపర్‌వైజర్ చీపురుకర్ర అందుకుని మెయిన్ స్విచ్ దించేశాడు.

"ఒరేయ్, బతికే ఉన్నావా?"

"నేనున్నా సార్. డిజైన్లే పోయాయి."

పదకొండింటికి హోటల్ యజమాని వస్తాడు, నలభై పరుపులకు. సొరుగు వెతికితే పాత మెమరీ కార్డు ఒకటి దొరికింది. అందులో ఉన్నది ఒకే డిజైన్. కొత్తగా పని నేర్చుకునే రోజుల్లో, పడక కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న అత్తగారిని పక్కనుంచి చూసి మెకానిక్ సరదాగా గీసింది.

"ఏంటిది?" అన్నాడు సూపర్‌వైజర్.

"కొండలు సార్."

"ఈ గొయ్యేంటి మధ్యలో?"

"లోయ."

"బాగుంది. కానియ్."

మొదటి పరుపు కుట్టడం పూర్తయ్యేసరికి హోటలాయన రానే వచ్చాడు. ఏ పరుపైనా అయిదు నిమిషాలు పడుకుని చూసి గానీ కొనడు. పక్కకు తిరిగి పడుకున్నాడు. రెండో నిమిషానికల్లా గురక. లేపే ధైర్యం ఎవరికీ లేక యంత్రం ఆపేశారు, చెప్పులు చేతబట్టుకుని నడిచారు. గంటన్నరసేపు ఫ్యాక్టరీ మొత్తం ఒక మనిషి కలలోకి అతిథులుగా వెళ్లినట్టు మసిలింది.

ముద్ర పట్టుకుని అత్తగారు వచ్చారు. పరుపు అంచు తడిమి, "ఈ కొండను ఎక్కడో చూశానే" అని గొణిగారు. మెకానిక్ ముక్కుకు అప్పుడే దూది వాసన తగిలింది.

హోటలాయన లేచి కూర్చున్నాడు. అతని చెంప మీద పొడవాటి ముక్కు, తెరిచిన నోరు, గడ్డం మీద పుట్టుమచ్చ అచ్చుపడి ఉన్నాయి. అత్తగారి చెయ్యి దానంతటదే ఆవిడ గడ్డం మీదికి వెళ్లింది.

"ఇలా పడుకుని ఆరు నెలలైందమ్మా! నలభై గదులకూ ఇదే డిజైన్ కావాలి" అన్నాడు హోటలాయన.

అత్తగారు అల్లుణ్ణి పక్కకు పిలిచారు.

"ఏమయ్యా, నా ముక్కు అంత పొడుగా?"

"అబ్బే, అది రెండో యాక్సిస్ కాస్త ఎక్కువ జరిపింది అత్తయ్యా."

"నిద్రలో నేను ఇంత ప్రశాంతంగా ఉంటానా?"

"దానికి మాత్రం యంత్రంతో సంబంధం లేదు."

"ముక్కు సరిచెయ్యి. అప్పుడు వేస్తా ముద్ర."

సాయంత్రం దాకా మెకానిక్ మిల్లీమీటరు మిల్లీమీటరుగా ముక్కు తగ్గిస్తూనే ఉన్నాడు. ఆవిడ అద్దంలో పోల్చి చూసుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత కుట్టిన నలభై పరుపులకూ ముద్ర పడింది.

మరుసటి ఏడాది బ్యాటరీ మార్చే రోజున అతను మెయిన్ స్విచ్ మీద ఏ కాగితమూ అంటించలేదు. దాని ముందు కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టాడు.