పిల్లకాలువలో పరశురామన్న

ఆ ఉదయం హనుమండ్లు పెట్టుకున్న పని ఒక్కటే. రాత్రి కాలువ కట్టేసేలోగా తన వరికి ఒక తడి ఇవ్వాలి. చొప్పదండి అవతల, ఆయకట్టు చివర్న ఉంది అతని పొలం. యాసంగి వరి పాలుపోసుకుంటోంది. ఈ వంతు తప్పిందంటే, మళ్ళీ నీళ్ళు వదిలేసరికి గింజలన్నీ తాలు కావడం ఖాయం.

నీళ్ళు రావని కాదు, వచ్చే తీరే బాగాలేదు. పెద్ద కాలువలో సిమెంటు మీద ఎంచక్కా జారిపోయే నీళ్ళు, పొలాల మధ్య మట్టి పిల్లకాలువలోకి దిగేసరికి నడక మరచిపోయేవి. ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు, నడుమ తుంగ, రాళ్ళు. ప్రతి రాయి దగ్గరా గిర్రున తిరిగి, ప్రతి మలుపులోనూ గట్టును రాసుకుని, సుళ్ళు పడీ పడీ, అతని పొలం దాకా వచ్చేసరికి వాటికి ఓపిక మిగిలేది కాదు.

"తొవ్వ నున్నగుంటే నీళ్ళు ఉరుకుతయే," అన్నాడు భార్య వినోదతో. "ఒంకర తీసేసి, కాలువ సన్నగ చేసి, కింద నున్నటిదేదన్న పరుస్త."

"ఏం పరుస్తవ్? నా చీరనా?"

చీర అక్కర్లేదు, పరశురాములు ఫ్లెక్సీ ఉంది. పరశురాములు ఆ ఊరి నాయకుడు. పదవి ఇంకా రాలేదు గానీ దాని తాలూకు నడక ముందే వచ్చేసింది. పుట్టినరోజుకు ఊరి మొదట్లో కట్టించుకున్న ఫ్లెక్సీ, వేడుక కాగానే ఎవరు ముందు విప్పుకుంటే వాళ్ళది. అది ఊళ్ళో అందరూ ఒప్పుకున్న ఆనవాయితీ. సగం గడ్డివాములు, బర్రెల కొట్టాలు నాయకుల మొహాల కిందే వానకు తలదాచుకుంటాయి.

హనుమండ్లు మలుపు చెక్కేసి, కాలువను తిన్నగా, ఇరుకుగా తవ్వి, ఫ్లెక్సీని పొడుగునా పరిచి మేకులు దిగ్గొట్టాడు. బొమ్మ ఉన్న వైపే నున్నగా ఉంటుంది కాబట్టి బొమ్మ పైకి పెట్టాడు. తన పొలం దాటాక కూడా ఇంకా మిగిలింది. అంత మంచి ఫ్లెక్సీని కోయబుద్ధి కాలేదు. అదీ పరిచేశాడు.

నీళ్ళు వచ్చాయి. పరశురాములు నుదుటి మీదెక్కి, ముక్కు మీంచి జారి, మీసం మీద చిన్న వణుకు చూపించి, చప్పుడు లేకుండా దూసుకొచ్చాయి. హనుమండ్లుకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. ఆ నీళ్ళు అతని మడవ దాకా, అంటే పొలంలోకి మళ్ళడానికి గట్టుకు పెట్టిన గండి దాకా వచ్చి, దానివైపు కన్నెత్తి చూడకుండా ముందుకు పోయాయి. మునుపు నెమ్మదిగానైనా నిండుగా వచ్చి మడవలోకి ఒరిగేవి. ఇప్పుడు పలచబడి పరుగందుకున్నాయి. ఆగే తీరికే లేదు వాటికి. దిగువనున్న కొమురవ్వ మడవనూ దాటేసి, కిందనున్న చిన్న వాగులో, ఒర్రెలో పడ్డాయి.

"ఏంది కొడుకా, నీళ్ళన్ని ఒర్రెకు తాపుతున్నవా?" పార భుజానేసుకుని వచ్చింది కొమురవ్వ. "నీ పొలమేమో గని, నాది గూడ ఎండవెడ్తవా?"

హనుమండ్లు అడ్డంగా మట్టి వేశాడు. నున్నటి ఫ్లెక్సీ మీద మట్టి నిలవలేదు. ఇసుక బస్తా వేశాడు. అదీ జారుకుంటూ ఒర్రె దారి పట్టింది. ఇక లాభం లేదని మేకులు పీకబోతుండగా గట్టు మీద బండి ఆగింది. దిగినవాడు నరేశ్. పరశురాములు ఎటు పోతే అటు ఫోను పట్టుకుని పోవడం అతని ఉద్యోగం.

"కాకా! అన్న మొఖం మీదికెళ్ళి నీళ్ళు ఇడుస్తున్నవా? ఎంత ధైర్యం!"

హనుమండ్లు మేకు వదిలేసి నిలబడ్డాడు. నోరు దానంతటదే పని చేసింది. "అభిషేకం బిడ్డా! పట్నంల పాలు పోస్తరు గద. నా బర్రె ఒట్టిపోయె, పాలేడికెళ్ళి తేను? గందుకే గంగమ్మతోని చేస్తున్న."

నరేశ్ కళ్ళు చెమర్చాయి. వెంటనే ఫోను చెవికి పెట్టాడు. "అన్నా, రైతులు నీకు జలాభిషేకం చేస్తుండ్రే! పొద్దటి సంది ఆపకుంట!" ఆ తర్వాత హనుమండ్లు వైపు తిరిగి, "అన్న వచ్చేదాక ఒక్క మేకు గూడ కదలొద్దు," అన్నాడు.

అన్న రావడానికి ఇస్త్రీ కావాలి, దండలు కావాలి, వెనక బండ్లు కావాలి. పొద్దు వాలేదాకా నీళ్ళు ఒర్రెకే పోయాయి. సద్ది తెచ్చిన వినోద గిన్నె పక్కన పెట్టి, ఒర్రెకు పోతున్న నీళ్ళను చూస్తూ గట్టు మీద కూలబడింది.

చివరికి పరశురాములు వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. నరేశ్ లైవ్ పెట్టి, "కాలువల దిగు అన్నా, కింద నీ బొమ్మ, మీద నువ్వు, మస్తుంటది," అన్నాడు. పరశురాములు పంచె ఎత్తి, సొంత చెంప మీద సొంత కాలు పెట్టాడు. మరుక్షణం వెల్లకిలా పడి, తన మొహం మీద తానే జారుకుంటూ, దండతో సహా సాగిపోయాడు. హనుమండ్లు మడవ దాటగానే ఇరుకు కాలువలో నడుం దగ్గర బిరడాలా ఇరుక్కున్నాడు.

"లాగుండ్రిరా!" అని కేకేశాడు.

అతని వెనక నీళ్ళు ఆగాయి. లేచాయి. అటూ ఇటూ చూసి, నిండుగా, నిదానంగా మడవలోకి మళ్ళాయి. బీటలు వారిన మడి గుటగుటా తాగసాగింది.

నరేశ్ అన్న చెయ్యి పట్టి లేపబోతే హనుమండ్లు కాలువలోకి దూకి అడ్డుపడ్డాడు. "లేవకన్నా! నీ కాళ్ళు మొక్కుత, జర గట్లనే కూసో! నా వరి బతుకుతది!"

పరశురాములు తిట్టడానికి నోరు తెరిచాడు. నరేశ్ వంగి చెవిలో చెప్పాడు: "అన్నా, లైవ్ నడుస్తుంది. చివరి మడికి నీళ్ళు దెచ్చిండని అందరు దండాలు వెడ్తుండ్రు."

తెరిచిన నోరు అలాగే నవ్వుగా మారింది. "రైతు కోసం నేనేడనన్న కూసుంట," అని చెయ్యి ఊపాడు పరశురాములు.

చీకటి పడే వేళకు హనుమండ్లు ఆఖరి మడి కూడా నిండింది. వినోద గట్టు మీద కూర్చుని ఏడుస్తూ నవ్వింది. నలుగురూ నాయకుణ్ణి లేపడానికి చేతులు చాపేసరికి కొమురవ్వ పార అడ్డం పెట్టింది.

"ఆగుండ్రి. బిడ్డా, కాలువ కట్టేయకముందుకే జర కిందికి జరిగి, మా మడవ కాడ గూడ కూసో."

పరశురాములు రాజకీయ జీవితంలో, కూర్చున్నచోటు నుంచి లేవొద్దని జనం బతిమాలడం అదే మొదటిసారి.