సూపు మీద ఆకాశరామన్న ఉత్తరం

బుధవారం పొద్దున గడ్డం గీసుకుంటూ లిఫ్టు మెకానిక్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈ రాత్రితో క్యాబేజీ సూపు పీడ విరగడ కావాలి. ఆ సూపు వండేది మరెవరో కాదు, ఆయనే. భార్య రెండో తరగతి టీచరు. బుధవారం సాయంత్రాలు ఆవిడకు బడిలో మీటింగు ఉంటుంది కాబట్టి ఆ పూట వంట తనదని ఆరేళ్ల కిందట ఛాతీ విరుచుకుని ప్రకటించాడు. ఆయనకు వండటం వచ్చింది సూపు ఒక్కటే. ఇప్పుడు క్యాబేజీ ఉడికే వాసన ఆయనకే గిట్టడం లేదు. కానీ వారానికి ఆరు రోజులు వండే మనిషితో, ఒక్క రోజు వంట నావల్ల కాదని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? వద్దనే మాట ఇంట్లోవాళ్ల నోటి నుంచే రావాలి.

అందుకు ప్రశ్నల డబ్బా దొరికింది. ఇంట్లో అందరూ లాయరని పిలిచే పదకొండేళ్ల కూతురు మొన్న ఒక చుట్టాన్ని పట్టుకుని, "మీరు వెళ్లాకే అమ్మావాళ్లు మీ గురించి మాట్లాడుకుంటారు, ఎందుకంకుల్?" అని అడిగింది. మర్నాడే టీచరమ్మ ఖాళీ బిస్కెట్ల డబ్బాకు చీలిక పెట్టింది. ఇబ్బంది పెట్టే ప్రశ్నలన్నీ పేరు లేకుండా రాసి అందులో వేయాలి. బుధవారం భోజనాల దగ్గర పెద్దవాళ్లు జవాబు చెప్పాలి. మెకానిక్ ఎడమ చేత్తో ఒక చీటీ గీకి డబ్బాలో పడేసి పనికి వెళ్లిపోయాడు.

రాత్రి గిన్నెలు పొగలు కక్కుతుండగా టీచరమ్మ మొదటి చీటీ తీసి చదివింది. "నేను పుట్టకముందు మీరు దేని గురించి పోట్లాడుకునేవాళ్లు?" భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి దగ్గు వచ్చింది. గబగబా రెండోది తీసింది. "ఈ సూపు ఎవరికీ ఇష్టం లేదు కదా, ఎందుకు తాగుతున్నాం?"

మెకానిక్ పొద్దుటి నుంచి సాధన చేసిన నిట్టూర్పు విడిచాడు. "ఇష్టం లేకపోతే మానేద్దాంలే. నాకేం బాధ లేదు."

ఆ నిట్టూర్పు మరీ బాగా కుదిరింది. భార్య కళ్లు చెమర్చాయి. "ఎవరు రాశారిది?" అని బడి గొంతుతో అడిగింది.

"నేను రాస్తే కింద సంతకం కూడా పెడతానమ్మా" అంది లాయరు.

చీటీలో అక్షరాలు వణికినట్టు వంకరటింకరగా ఉన్నాయి. అందరి చూపులూ వాళ్లతోనే ఉంటున్న మెకానిక్ అత్తగారి మీదికి మళ్లాయి. "చెయ్యి వణుకుతుందని నన్ను అనుమానిస్తారా?" అంటూ ఆవిడ గిన్నె ముందుకు తోసింది. "పొయ్యండి బాబూ, ఇంకో గిన్నెడు పొయ్యండి! ఇలాంటి సూపు నేను జన్మలో తాగలేదు." పోటీగా లాయరూ మరో గిన్నె తాగింది. టీచరమ్మ భర్త భుజం మీద చెయ్యి వేసి, "రేపు కూడా మీరే చెయ్యండి" అంది ఆప్యాయంగా.

గురువారం చేశాడు. శుక్రవారమూ చేశాడు. తన మీద పడ్డ మచ్చ పోగొట్టుకోవడానికి అత్తగారు ఎదురింటి దంపతులకు అల్లుడి సూపు గురించి గొప్పలు చెప్పింది. శనివారం వాళ్లు సొంత గిన్నెలతో దిగారు. ఆదివారం ఆ ఇంటాయన తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. మంగళవారానికి మెకానిక్ బట్టలూ బ్యాగూ క్యాబేజీ కంపు కొడుతుంటే లిఫ్టులో జనం ఒక మూలకు నక్కారు. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

బుధవారం రాత్రి చెంచా కింద పెట్టి, "ఆ చీటీ రాసింది నేనే" అన్నాడు.

"చూశావా అమ్మా, నీ పరువు కాపాడటానికి తప్పు తన నెత్తిన వేసుకుంటున్నారు" అంది టీచరమ్మ. అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇక లాభం లేదని ఆయన అందరి ముందూ ఎడమ చేత్తో అదే వాక్యం రాసి చూపించాడు. లాయరు పాత చీటీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చింది.

"నిజమేనమ్మా, నాన్నదే."

మూడు చెంచాలు ఒక్కసారిగా బల్ల మీద పడ్డాయి.

"అయితే ఇక తాగక్కర్లేదా?" అంది లాయరు.

"నాలుగో ఏటి నుంచి ముక్కు మూసుకునే మింగుతున్నా" అంది టీచరమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

"నేను మొదటి వారం నుంచీ" అంది అత్తగారు.

కోరుకున్నది సరిగ్గా అదే. అయినా మెకానిక్ మనసు చివుక్కుమంది. "అంటే ఆరేళ్లూ నాతో అబద్ధాలు చెప్పారా? ఏం లోపముంది దాంట్లో? ఉప్పు తక్కువా? మిరియాలు ఎక్కువా?" అని గిన్నె గిన్నెకూ తిరిగి అడిగాడు. ముగ్గురూ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి జారుకున్నారు. ఆ రాత్రి ఎంతసేపటికీ నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లాడు.

మరుసటి బుధవారం టీచరమ్మ పార్సిల్ తెప్పిస్తానన్నా ఆయన వినలేదు, రెండు క్యాబేజీలతో ఇంటికొచ్చాడు.