ఏడో కాలేజీ

ఆ శనివారం ఉదయం లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటి బస్సెక్కి, ఊరి చివరనున్న కాలేజీకి కూతురిని తీసుకెళ్ళి, ఆ కాలేజీనొకసారి చూసి, దరఖాస్తు ఫారం తెచ్చుకుని, భోజనాల వేళకి ఇల్లు చేరాలి. అంతే.

కూతురు ఎప్పుడూ జడలో పెన్సిలు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి ఇంట్లో ఆమె పేరు పెన్సిలు. భవనాలు కట్టే చదువు చదవాలని ఆమె కోరిక. ఆరు కాలేజీల పేర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంది. ఆరూ పేరుమోసినవే, వందమంది అడిగితే ఐదుగురికి సీటిచ్చే రకం. స్కూల్లో టీచరు ఆ జాబితా చూసి, "కచ్చితంగా సీటొచ్చే కాలేజీ ఒక్కటైనా రాసుకోమ్మా. దాన్ని సేఫ్టీ అంటారు" అంది. పెన్సిలు ఆ మాటని పట్టించుకోలేదు. తండ్రి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

"లిఫ్టుకి ఆరు తాళ్ళున్నా సరే, సేఫ్టీ బ్రేకు లేకపోతే నేను ఎవర్నీ ఎక్కనివ్వను. నీకు తాళ్ళు ఆరున్నాయి, బ్రేకు లేదు."

"అక్కడికి అప్లై చేయడమంటే, ఓడిపోయానని ముందే సంతకం పెట్టడం నాన్నా."

"సంతకం పెట్టకు. ఊరికే చూసి వద్దాం. చెప్పులు వేసుకో."

పెన్సిలు మొహం గంటు పెట్టుకుని చెప్పులు వేసుకుంది. వాళ్ళు అలా గడప దాటారో లేదో, ఇలా ఫోను మోగింది. చేసింది మెకానిక్ అక్కగారి భర్త. రైల్వే స్టేషన్లో ముప్ఫై ఏళ్ళు రైళ్ళ రాకపోకలు ప్రకటించి రిటైరయిన మనిషి. ఇంట్లో అందరికీ మైకు బావ. మెకానిక్ భార్య ఒక చేత్తో మిక్సీ మూత నొక్కిపట్టి, రెండో చేత్తో ఫోనెత్తింది.

"ఏడమ్మా మా బావమరిది?"

"సేఫ్టీ చూడ్డానికి వెళ్ళారన్నయ్యా! ఊరి చివర కాలేజీకి!"

"కాలేజీలో సేఫ్టీ చూడ్డానికా? మనవాడా?"

"అవునన్నయ్యా! ఇవాళే తేల్చేస్తానని వెళ్ళారు!" మిక్సీ మోతలో అంతకంటే వివరంగా చెప్పడం కుదరలేదు.

మైకు బావ ఫోను పెట్టేసి కాసేపు ఆనందంతో అలాగే కూర్చుండిపోయాడు. ఎన్నేళ్ళ కష్టం! జిడ్డు చేతుల మెకానిక్ ఇవాళ కాలేజీలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరయ్యాడు. ఇంత మంచి వార్త నోట్లో దాచుకోవడం ఆయన వల్ల కాదు. కాలేజీ నంబరు వెతికి ఫోను కలిపాడు.

"గమనించగలరు," అన్నాడు అలవాటు ప్రకారం. "సేఫ్టీ పరిశీలన నిమిత్తం మా అధికారి కుమార్తెతో సహా బయలుదేరి వస్తున్నారు. లిఫ్టుల్లో వారికి పాతికేళ్ళ అనుభవం. మరికొద్ది సేపట్లో చేరుకుంటారు."

అవతల ఫోనెత్తిన గుమాస్తా లేచి నిలబడే విన్నాడు. విని, ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాడు.

"మేడమ్, పైనుంచి ఫోను! సేఫ్టీ ఇన్‌స్పెక్షనంట! వచ్చేది లిఫ్టులు బాగా తెలిసిన మనిషంట!"

ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీలోంచి దిగ్గున లేచింది. కాలేజీలో ఉన్న ఒక్క లిఫ్టుకీ 'మరమ్మతులో ఉంది' అన్న బోర్డు తగిలించి రెండేళ్ళయింది. బోర్డు రంగు కూడా వెలిసిపోయింది. ఆవిడ అరగంటలో చేయగలిగినదంతా చేసింది. బోర్డు పీకించింది, లిఫ్టుకి కరెంటు ఇప్పించింది, పూలకుండీల్లో మొక్కలు పీకించి ఇసుక నింపించి, మంటలార్పే బకెట్లలా కనబడాలని ఎర్ర రంగు వేయించింది. రెండో ఏడాది విద్యార్థులకు నిచ్చెనలిచ్చి, ఎవరు కనబడితే వాళ్ళని కాపాడమని చెప్పింది.

మెకానిక్ కూతురితో గేటు దగ్గర దిగేసరికి వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. గుమాస్తా వంగి వంగి లోపలికి తీసుకెళ్ళాడు. "చూశావా, చిన్న కాలేజీలో ఉండే మర్యాదే వేరు" అన్నాడు తండ్రి. పెన్సిలు చేతికి అంటుకున్న ఎర్ర రంగు తుడుచుకుంటోంది.

"మీది సేఫ్టీయేనా అని ఒకసారి చూసుకుందామని వచ్చామండీ," అన్నాడు మెకానిక్ కుర్చీ అంచున కూర్చుంటూ.

"నూటికి నూరు పాళ్ళూ సేఫ్టీ సార్!" అంది ప్రిన్సిపాల్.

"అంటే, వచ్చినవాళ్ళందరికీ గ్యారంటీయేనా?"

"గేటు దాటి లోపలికొచ్చిన ప్రతి ఒక్కరికీ! పోయినేడు దారి తప్పి వచ్చిన పిల్లిని కూడా వదల్లేదు సార్. నెల రోజులు కంటికి రెప్పలా చూసుకున్నాం."

"పిల్లికి కూడా సీటిచ్చారు నాన్నా," అని గొణిగింది పెన్సిలు. "పద, పోదాం."

మెకానిక్‌కి కూడా కాస్త అనుమానం వచ్చింది. కానీ కారిడార్లోకి రాగానే లిఫ్టు కనిపించింది, ఆయన కాళ్ళు వాటంతటవే ఆగాయి. ప్రిన్సిపాల్ ధైర్యం కూడగట్టుకుని తలుపు తెరిచి, తానే ముందు ఎక్కింది. కాదంటే బాగుండదని తండ్రీకూతుళ్ళు కూడా ఎక్కారు. లిఫ్టు మూలుగుతూ కదిలింది.

"ఈ చప్పుడు బాగోలేదండీ."

"చాలా రోజులకి మనుషులెక్కారు కదా సార్, సంతోషం..."

ఒకటో అంతస్తుకీ రెండో అంతస్తుకీ నడుమ లిఫ్టు ఆగిపోయింది. లైటు ఒకసారి కొట్టుకుని ఆరిపోయింది. పైన తలుపు సందులోంచి జానెడు వెలుతురు మాత్రం లోపల పడుతోంది. ప్రిన్సిపాల్ గోడకి చేరగిలబడి, రెండు చేతులూ జోడించింది.

"సార్, ఒప్పుకుంటున్నాను. రెండేళ్ళుగా ఇది పనిచేయడం లేదు. దయచేసి రిపోర్టులో రాయకండి. పిల్లలు చాలా మంచివాళ్ళు సార్. కాలేజీ మూతపడితే ఎక్కడికి పోతారు?"

"ఏ రిపోర్టండీ? నేను లిఫ్టు మెకానిక్‌ని. మా అమ్మాయికి సీటు సంగతి కనుక్కుందామని వచ్చాను."

"మరి ఆ ఫోను? గమనించగలరు అంటూ..."

తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మైకు మామయ్య!" అంది పెన్సిలు.

అంతా విన్నాక ప్రిన్సిపాల్ నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వేసింది. తర్వాత అడిగింది. "మరి సేఫ్టీ అంటే ఏమిటమ్మా?"

పెన్సిలు నసుగుతూనే నిజం చెప్పింది. "ఇంకెక్కడా సీటు రాకపోతే చేరే కాలేజీ అండీ."

నవ్వు ఆగిపోయింది. "పోనీలేమ్మా," అంది ప్రిన్సిపాల్. "ఉన్నమాటే చెప్పావు." పెన్సిలుకి ఆ లిఫ్టు నేలలో దూరిపోవాలనిపించింది.

అంతలో పైన పెద్ద కోలాహలం. పొద్దుట్నుంచి కాపాడటానికి ఒక్క మనిషీ దొరక్క నీరసపడ్డ విద్యార్థులు నిచ్చెనలతో ఊడిపడ్డారు. "మేడమ్, భయపడకండి! తలుపు విరగ్గొట్టేస్తాం!"

"ఏదీ విరగ్గొట్టకండి!" అని అరిచాడు మెకానిక్. "పైన మెషీన్ రూముకి వెళ్ళండి. ముందు మెయిన్ స్విచ్ ఆపండి. తర్వాత ఒకరు బ్రేకు లివరు పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం తిప్పాలి."

"ఏ లివరండీ? ఎటు తిప్పాలి?"

మెకానిక్ మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ వాళ్ళకి మూడు రకాలుగా అర్థమైంది. పెన్సిలు జడలోంచి పెన్సిలు తీసింది. లోపలికొస్తూ గుమాస్తా బల్ల మీంచి తీసుకున్న దరఖాస్తు ఫారం తిరగేసి, తండ్రి చెబుతుంటే ఆ జానెడు వెలుతురులో బొమ్మ గీసింది. లివరు ఇక్కడ, చక్రం ఇక్కడ, తిప్పేది ఇటు. ఫారం మడిచి తలుపు సందులోంచి పైకి అందించింది.

పైన వాళ్ళు కాగితం విప్పారు. "ఎవరు గీశారిది?" అందొక అమ్మాయి గొంతు. "ఇది మా పుస్తకంలో బొమ్మ కంటే బాగుంది!"

పది నిమిషాల్లో లిఫ్టు అంగుళం అంగుళం దిగి ఒకటో అంతస్తు దగ్గర ఆగింది. తలుపు తెరుచుకోగానే విద్యార్థులు ప్రిన్సిపాల్‌ని వదిలేసి పెన్సిలుని చుట్టుముట్టారు. ఆమెను పెరట్లోకి లాక్కెళ్ళారు. అక్కడ వాళ్ళు సొంతంగా ఇటుకలు చేసి, సొంతంగా పేర్చి, మూడోసారి కూలగొట్టి నాలుగోసారి కడుతున్న నిజమైన గది ఒకటుంది. పెన్సిలు చున్నీ నడుముకి బిగించింది. ఆమె చేయి వేసిన గోడ కూడా ఓసారి కూలింది, అందరూ నవ్వుకుని మళ్ళీ పేర్చారు. మెకానిక్ చొక్కా చేతులు మడిచి లిఫ్టులో దూరాడు. భోజనాల వేళ దాటింది, టీ వేళ కూడా దాటింది. ఇద్దరికీ ఇల్లు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం పెన్సిలు ఫ్రిజ్ మీది జాబితా తీసి, ఏడో కాలేజీ పేరు అన్నిటికంటే పైన రాసింది. తల్లి చూసి, "ఇది కింద ఉండాలి కదే?" అంది. "ఉండక్కర్లేదమ్మా," అంది పెన్సిలు.

ఫలితాలు వచ్చాయి. పేరుమోసిన ఆరింట్లో నాలుగు వద్దన్నాయి, రెండు రమ్మన్నాయి. ఇంట్లో అందరూ గంతులేశారు. పెన్సిలు మాత్రం ఏడో ఉత్తరం పట్టుకుని కూలబడింది. అందులో 'వెయిటింగ్ లిస్టు, తొమ్మిదో నంబరు' అని ఉంది.

మర్నాడే తండ్రిని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ ముందు నిలబడింది. ప్రిన్సిపాల్ తెల్లబోయింది. "నువ్వే అన్నావు కదమ్మా, ఇంకెక్కడా రాకపోతేనే వస్తానని? నీ మార్కులకి ఎక్కడో ఒకచోట తప్పకుండా వస్తుంది. సీటిచ్చి ఖాళీగా పెట్టుకోవడం ఎందుకని, కమిటీకి నేనే చెప్పాను."

"మనసు మార్చుకున్నానండీ."

"ఎప్పుడు?"

"పెరట్లో గోడ కూలినప్పుడు."

ప్రిన్సిపాల్ వెయిటింగ్ లిస్టు తిరగేసి చూసి, "వరస తప్పించలేను. వేచి ఉండు," అంది. సంగతి తెలిసి మైకు బావ హుటాహుటిన వచ్చి, "నేనొక్క ఫోను కొట్టనా?" అన్నాడు. ఇల్లంతా ఒక్క గొంతుతో "వద్దు!" అని అరిచింది.

పెద్ద కాలేజీ ఒకదానికి సరేనని రాసిపెట్టి, మెకానిక్ కుటుంబం ఎదురుచూసింది. తొమ్మిది ఏడైంది, ఏడు నాలుగైంది, మూడు వారాలకు నంబరు వచ్చింది. పెన్సిలు వీధి వినబడేలా కేక పెట్టి, పెద్ద కాలేజీకి మర్యాదగా క్షమాపణ ఉత్తరం రాసింది.

ఆ పెద్ద కాలేజీ వాళ్ళు మాత్రం, తాము మూడు వారాలపాటు ఒకరి సేఫ్టీ కాలేజీగా ఉన్నామని ఇప్పటికీ ఎరగరు.