కూర్చోలేనన్ని టమాటాలు

మేబెల్ ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. తండ్రి దేవానందం స్కూటర్ ఎక్కి బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లడం, రెండు కిలోల టమాటాలు కొనడం, పదింటికల్లా ఏ.ఎస్. రావు నగర్‌లోని జపనీస్ కోచింగ్ సెంటర్‌లో పాఠం మొదలుపెట్టడం. వీధిలోకి కూరగాయల బండి వచ్చేసరికి తొమ్మిదవుతుంది, అంతదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు.

కంగారుకు కారణం ఉంది. ఆమె పాఠం చూడటానికి చెన్నై నుంచి టీచర్లను పరీక్షించే ఒకాడా అనే జపాన్ ఆవిడ వస్తోంది. ఆవిడకు నచ్చితే మేబెల్ ఉద్యోగం పర్మనెంటు, నచ్చకపోతే ఆ కుర్చీలో మరో టీచరు. పాఠమా, చిక్కుది. కొంచెం, చాలా, ఇంతే, ఇంతగా అనే మాటలను జపనీసులో ఎలా వాడాలో చెప్పాలి. కొంచెంకి 'సుకోషి', చాలాకి 'తకుసాన్', ఇంతేకి 'దాకే' విద్యార్థుల బుర్రలకు ఎక్కాయి. 'ఎంతగా అంటే' అని చెప్పే 'హొదో' మాత్రం రెండు వారాలుగా ఎవరికీ కొరుకుడు పడలేదు. టమాటాలు చేతికిచ్చి చెబితే ఎక్కుతుందేమోనని ఆమె ఆశ.

ఇంకో సంగతి కూడా ఉంది. జపాన్‌లో ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోరు, 'హై, హై' అని తలూపుతూ వింటారు. వింటున్నానని దాని అర్థం, ఒప్పుకున్నానని కాదు. ఒకాడా మెప్పు కోసం మేబెల్ కొన్ని నెలలుగా ఇది సాధన చేస్తోంది. ఎదురుగా కూర్చోబెట్టుకోవడానికి ఇంట్లో తండ్రి ఒక్కడే దొరకడంతో ఆయనకూ అంటుకుంది. ఆదివారం చర్చిలో ఆయన ఊపే ఊపుకు పాస్టరు గారు ముచ్చటపడి ప్రసంగం పొడిగిస్తున్నారు కూడా.

మార్కెట్‌లో పర్వతాలు అనే కమీషన్ వ్యాపారి బాక్సుల పక్కన నిలబడి వేలం వేస్తున్నాడు. అక్కడ పాట పెంచడానికి నోరు విప్పక్కర్లేదు, తలూపితే చాలు. ఆ ముక్క తండ్రికీ తెలియదు, కూతురికీ తెలియదు. మేబెల్ టమాటాలు అడగబోయేలోపే పర్వతాలు ఆమె వైపు చూసి ఒక రేటు అరిచాడు. మనిషి మాట్లాడుతున్నాడు కదా అని ఆమె మర్యాదగా తలూపింది. అతను దేవానందం వైపు తిరిగి అంతకన్నా పెద్ద రేటు అరిచాడు. ఆయనా ఊపాడు. మళ్లీ కూతురు, మళ్లీ తండ్రి. చుట్టూ ఉన్న వ్యాపారులు తమ పాటలు మానేసి ఈ పోటీ చూస్తూ నిలబడ్డారు. చివరికి మెడ పట్టేసి దేవానందమే ఆగాడు.

"లాటు అక్కది. ముప్పై బాక్సులు" అన్నాడు పర్వతాలు.

"ఏ అక్కది?" అంది మేబెల్.

"నీదే అక్కా. ఈ పెద్దమనిషితోని గింత పంతం పట్టి పాడినవ్ గదా."

"ఆయన మా నాన్న."

పర్వతాలు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇంట్ల పంచాయితీ ఇంట్లనే తెంపుకోవాలె. గీడికొచ్చి పాడుడేంది?"

"మాకు రెండు కిలోలు చాలు బాబూ" అన్నాడు దేవానందం.

"తలూపినంక మాటిచ్చినట్టే సార్. మాట తప్పుతరా?"

మాట తప్పడం అనగానే దేవానందం కార్డు తీసి ఇచ్చేశాడు. "నువ్వు సెంటర్‌కెళ్లమ్మా. ఇవన్నీ ఇంటికి చేర్చే పూచీ నాది" అని రెండు కిలోలు సంచిలో పోసిచ్చి కూతురిని ఆటో ఎక్కించాడు.

మేబెల్ ఆటోవాడికి చెప్పిన అడ్రసు విన్న ట్రాలీ ఆటో అతను వచ్చి, "అక్క పోయిన సెంటర్‌కే తీస్కపోవాల్నా?" అని అడిగాడు. దేవానందం తలూపుతూ విన్నాడు. "పైకి సుత ఎక్కియ్యాల్నా?" అంటే ఇంకాస్త ఊపాడు. అడిగినవాటికి జవాబు చెప్పేలోపే ట్రాలీ కదిలిపోయింది.

పదింటికి సెంటర్ యజమాని ఓంప్రకాశ్ క్లాసు తలుపు తీసి, మళ్లీ మూసి, మళ్లీ తీశాడు. కుర్చీల మీద, బల్లల కింద, కిటికీల్లో కూడా టమాటాలే. విద్యార్థులు గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

"ఏందమ్మా ఇది? నా సెంటర్‌ని గోదాం చేసినవా? మేడమ్ మెట్లెక్కుతున్నది."

మేబెల్ నోరు తెరిచేలోపే ఒకాడా వచ్చేసింది. ఓంప్రకాశ్ ఆవిడకు అడ్డంపడి తన ఇంగ్లీషంతా బయటికి తీశాడు. ఈ టీచరుతో మొదటి నుంచీ తలనొప్పే అన్నాడు. ఒకాడా 'హై' అని తలూపింది. తప్పంతా ఈమెదే అన్నాడు. 'హై.' ఈ రోజే తీసేస్తానన్నాడు. 'హై, హై.'

"చూసినవా, మేడమ్ సుత ఒప్పుకున్నది. ఇగ నువ్వు పో" అన్నాడతను మేబెల్‌తో.

ఆ కంగారులో ఒకాడా తలూపుడుకు అర్థం వేరని మేబెల్‌కూ తట్టలేదు. "ఈ ఒక్క పాఠం చెప్పి వెళ్తాను సార్" అని ఒక టమాటా తీసి చూపించింది. "సుకోషి" అన్నారందరూ. బాక్సు చూపిస్తే "తకుసాన్" అన్నారు. హిమజ అనే అమ్మాయి ఒకటి తీసుకుని "హితోత్సు దాకే, ఒక్కటే" అంది. ఆ తరువాత మేబెల్ చెయ్యి చాచి గదంతా చూపించింది.

నిలబడి కాళ్లు లాగుతున్న హిమజ నెమ్మదిగా అంది, "సువరెనాయ్ హొదో తొమాతో గా అరిమాస్. కూర్చోలేనన్ని టమాటాలున్నాయి. గంతేనా మేడమ్? ఇన్ని రోజులు గిదానికేనా మేం పరేషాన్ అయింది?"

ఇంకేముంది, గదంతా హొదో మోగిపోయింది. నడవలేనన్ని, తినలేనన్ని, దాచలేనన్ని. ఒకాడా బాక్సు మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇంత బాగా హొదో చెప్పిన క్లాసు తాను చూడలేదని, ఈ టీచరును రేపటి నుంచే పర్మనెంటు చేయమని ఓంప్రకాశ్‌కు ఇంగ్లీషులో చెప్పింది.

ఓంప్రకాశ్ తెల్లబోయాడు. "తీసేస్తానంటే మీరు తలూపిండ్రు గద మేడమ్?"

మేబెల్ ఆ మాట తర్జుమా చేసింది. ఒకాడా ఆశ్చర్యంగా, "విన్నాను" అంది. "ఒప్పుకున్నానా? జెన్‌జెన్."

"అస్సలు లేదట సార్" అన్నారు విద్యార్థులంతా ఒక్క గొంతుతో.

మేబెల్ ఆనందం పట్టలేక తండ్రికి ఫోన్ చేసింది. ఆయన అవతల తలూపుతున్నట్టున్నాడు, ఎంతసేపటికీ మాట వినిపించలేదు. సాయంత్రానికి విద్యార్థులు, పక్క షాపులవాళ్లు, కింది ఫ్లోర్ టైలరు తలా ఒక బాక్సు మోసుకుపోయారు. ఒకాడా రెండే టమాటాలు తీసుకుని, ఇలాంటి పాఠాలు ఇంకా చూడటానికి వచ్చే వారం మళ్లీ వస్తానంది. ఓంప్రకాశ్ చొక్కాకు అంటిన రసం తుడుచుకుంటూ మేబెల్‌ను పిలిచాడు.

"ఇగ ఏ పాఠమైనా సరే, గిట్లనే అసలు సామాన్ తెచ్చి చెప్పు. నేను అడ్డం రాను" అని మాటిచ్చాడు.

వచ్చే వారం పాఠం జంతువుల గురించని మేబెల్ అతనికి ఇంకా చెప్పలేదు.