నా బుర్రకు నూటికి నలభై

లోకంలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌బ్యాకర్ ఉద్యోగాన్ని మించింది లేదు! బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ని గుద్ది పడేయాలి, లేవాలి, మళ్లీ గుద్దాలి. పదకొండేళ్లు నేను చేసింది ఇదే. మీ ఆఫీసులో ఇలా గుద్దితే పోలీసులొస్తారు. మాకైతే బ్యాండు మోగుతుంది.

తలకు దెబ్బలు తగులుతాయని కొందరు ఊరికే గోల పెడుతున్నారు. తగిలితే ఏమైందండీ? ఆ లాభాలు వాళ్లకేం తెలుసు! ఒకే డిటెక్టివ్ సినిమా నేను నాలుగుసార్లు చూశాను. హంతకుడెవరో తెలిసి నాలుగుసార్లూ ఉలిక్కిపడ్డాను. ఒక్క సినిమాతో మీకెప్పుడైనా అంత గిట్టుబాటైందా? మా బావమరిదితో నాకు గొడవెందుకొచ్చిందో మరిచిపోయి, పోయిన థ్యాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడిని కోస్తూ కోస్తూ వాణ్ని కౌగిలించుకున్నాను. పాపం, ఏడ్చేశాడు. ఇక ఇంట్లో అందరినీ 'ఛాంపియన్' అనే పిలుస్తున్నాను. మా అమ్మాయి మురిసిపోతోంది. ఎందుకలా పిలుస్తున్నానో దానికి చెప్పలేదు.

కానీ బుర్ర లేకుండా ఈ ఉద్యోగం చేయలేరు సుమండీ! ఏటా సీజన్ మొదలయ్యే ముందు మాకు కంప్యూటర్ మీద జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. మధ్యలో తలకు గట్టి దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష. మొదటిసారికన్నా మార్కులు తగ్గాయా, బెంచీ మీద కూర్చోవాలి. మన చోట్లో ఇంకొకడు దిగుతాడు, దిగినవాడు మళ్లీ ఆ చోటు వదలడు.

నా మొదటి పరీక్షనాడే జట్టులో అందరికన్నా సీనియరు జీక్ నన్ను పక్కకు లాగాడు. "ఒరేయ్ ఎల్లిస్, ఇవాళ తొంభై తెచ్చుకుంటే దెబ్బ తగిలాక ఆ తొంభై ఎక్కణ్నుంచి తెస్తావురా? ఇప్పుడే తగ్గించి రాయి" అన్నాడు.

ఏం తెలివి! కుక్క బొమ్మ చూపిస్తే చెంచా అని నొక్కాను. మరీ తప్పితే కంప్యూటర్‌కు అనుమానం వస్తుంది కాబట్టి నలభై దగ్గర ఆగడం నేర్చుకున్నాను. రాత్రి భోజనాల బల్ల దగ్గర నా భార్య లోరెట్టా పదాలు చదువుతుంటే, ఏవి మరిచిపోవాలో బట్టీ పట్టేవాణ్ని. ఒక ఆదివారం ఆటలో తలకు దెబ్బ తగిలి రెండు గోల్ స్తంభాలు నాలుగుగా కనిపించాయి. మంగళవారం పరీక్షలో నలభై! మళ్లీ ఆదివారానికి మైదానంలో ఉన్నాను. అలా పదకొండేళ్లలో నా అసలు మార్కులెన్నో ఏ కాగితం మీదా పడలేదు.

పోయిన నెల కారు కిరాణా కొట్టు దగ్గరే వదిలేసి ఇంటికి నడిచొచ్చాను. లోరెట్టా నన్ను మాజీ ఆటగాళ్ల వైద్యశాలకు తీసుకెళ్లింది. పాత మార్కులకన్నా తగ్గితేనే అక్కడ వైద్యం చేస్తారట. పరీక్ష పెట్టారు. డాక్టరు పాత ఫైలు పక్కన పెట్టుకుని, శుభవార్తన్నట్టు నవ్వాడు. అప్పుడూ నలభై, ఇప్పుడూ నలభై. ఏమీ పోలేదట, నేను మొదటినుంచీ ఇంతేనట!

లోరెట్టా కుర్చీలోంచి లేచింది. "అప్పుడు కావాలని తప్పులు రాశాడు డాక్టరుగారూ" అంది.

"మరి ఇప్పుడు కావాలని తప్పులు రాయలేదని ఏమిటమ్మా నమ్మకం?" అన్నాడాయన.

న్యాయమైన ప్రశ్నే. ఇద్దరూ నావైపు తిరిగారు. ఈసారి మాత్రం ఒక్కొక్క బొమ్మనూ కళ్లు చిట్లించి చూసి, చెమటలు పట్టేదాకా ఆలోచించి రాశానండీ. ఒక్కటి కూడా కావాలని తప్పు రాయలేదు.